కరవును కంటికి జూపిన రాజా దీనదయాళు

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను గారిని కన్నులార చూచిన తరము గతించినది. వారిపై ప్రజలకు గల భక్తి మాత్రము వారి వెనుకను చాలకాలము నిలిచెను. పాము కఱచినపుడు ఆ ప్రభువు పేర ఆన పెట్టినచో విషము దిగునని నమ్మినవారు ఒకనాడు తెలంగాణపు పల్లెలలో అనేకులుండిరి. చంపిన పులి చెంత తుపాకి చేబూని నిలిచినట్లును, దర్బారులో కొలువుదీరినట్లును ఆ ప్రభువు రూపము నేటికిని పుస్తకములందు కనబడుచున్నది. ఆ రూపమును కాగితముపై నిలిపిన వ్యక్తి ఎవరని అడుగువారు తక్కువ. ఆ ప్రభువు వైభవమును చిత్రించిన చేతులే అదే రాజ్యములో అన్నములేక ఎముకల గూళ్లైన ప్రజలను గూడ చిత్రించినవని ఎఱిగినవారు మఱియు తక్కువ. ఆయనయే రాజా దీనదయాళు.

దీనులయందు దయ గలవాడని ఆ పేరునకు అర్థము. భగవంతునికి చెల్లిన పేరు అది. తలిదండ్రులు పెట్టిన పేరునకు మనుజుడు ఎంతవఱకు తగియుండునో అతని పనిని బట్టి విచారింపవలసియుండును. ఈయన విషయమున ఆ విచారణ అంత సులభమైనది కాదు.

దీనదయాళుగారు 1844వ సంవత్సరమున మీరటు సమీపమందలి సర్ధనా గ్రామమున ఒక జైన కుటుంబమున జన్మించిరి. వారిది రత్నముల వర్తకము చేయు వంశము. రత్నపరీక్షకు కావలసిన సూక్ష్మదృష్టి వంశమునుండియే వచ్చెనని చెప్పిన అతిశయోక్తి కానేరదు. ఐనను ఆయన కులవృత్తిని చేపట్టలేదు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరునగరమున ప్రభుత్వ నిర్మాణ శాఖయందు అంచనాలు కట్టుటకును పటములు గీయుటకును ఉద్యోగిగా కుదిరిరి. గోడ ఎత్తెంత, రాయి ఎన్ని బండ్లు, సున్నమెంత అని లెక్కగట్టుట ఆయన నిత్యకృత్యము. కొలత తప్పని చేయి, గీత వంకరపోని కన్ను అక్కడ అలవడినవి.

1874 ప్రాంతమున ఆయనకు ఛాయాచిత్రకళ పట్టుబడెను. ఆ కళ నేటివలె వ్రేలితో మీట నొక్కిన ముగియునది కాదు. నున్నని గాజుపలకపై కొలోడియన్ అను జిగట ద్రవమును సమముగా పాఱించి, దానిని వెండి లవణము కలిపిన నీట ముంచి, తడి యారకమునుపే కెమెరాలో నిలిపి, వెలుతురు చూపి, వెంటనే చీకటి గుడారములోనికి గొనిపోయి మందులతో కడుగవలయును. వేసవిలో ఆ తడి నిమిషములలో ఆరిపోవును. ఆరినచో పలక వ్యర్థము. గాజుపలకలు, సీసాలు, నీటికుండలు, గుడారము, ముక్కాలి పీట అన్నియు ఎద్దులబండిపై వెంట రావలసినదే. పిదప ఆ పలకను కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై నుంచి ఎండకు పెట్టి ప్రతులు తీయవలయును. 1880 దశకమున పొడి పలకలు వ్యాప్తికి వచ్చినపిమ్మట శ్రమ కొంత తగ్గినది. పలకల బరువు మాత్రము తగ్గలేదు.

ఇండోరు ప్రభువు రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్యభారత రాజప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ఆదరించిరి. 1875-76లో వేల్సు యువరాజు హిందూదేశమునకు వచ్చినపుడు ఆయన చిత్రములు తీసిరి. పిదప సర్ లెపెల్ గ్రిఫిన్ అను అధికారితో బుందేలుఖండమున తిరిగి కోటలను దేవాలయములను చిత్రించిరి. ఆ చిత్రములతో 1886లో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడములను గూర్చి ఒక గొప్ప గ్రంథము వెలువడెను. 1885లో రాజప్రతినిధి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. దేశీయుడొకడు ఆ పదవి నందుట ఆ కాలమున సామాన్య విషయము కాదు.

హైదరాబాదు దర్బారు పిలుపు ఆ కాలముననే వచ్చెను. సికింద్రాబాదున 1886లో ఆయన చిత్రశాల వెలసినది. మహబూబ్ అలీఖాను గారు ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగిరి. ముసవ్విరు అనగా చిత్రకారుడు. నిజాము రాజ్యమున జంగ్ బిరుదు మంత్రులకు, సేనానులకు, జాగీర్దారులకు లభించుచుండెను. కెమెరా పట్టిన చేతికి అది లభించుట ఆ కళకు దొరకిన మర్యాదగా ఎంచవలయును. 1892లో ఘోషాలోని స్త్రీల కొఱకు ఒక ప్రత్యేక చిత్రశాలను హైదరాబాదున తెఱచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించిరి. 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనమున ఆయన చిత్రములకు బహుమానము వచ్చెను. 1896లో బొంబాయిలో శాఖ తెఱచిరి. 1897లో విక్టోరియా మహారాణి అధికారపత్రము లభించెను.

ఆ సంవత్సరములలో ఆయన తీసిన చిత్రములను చూచినచో హైదరాబాదు రాజ్యమంతయు పెండ్లివారి యిల్లువలె కనబడును. దర్బారులు, విందులు, సైన్యముల కవాతులు, చౌమహల్లా దీపవృక్షములు, ఫలక్‌నుమా మేడలోని అద్దములు, తివాసీలు. ఆ ఫలక్‌నుమాను కట్టించినవారు నవాబు వికారుల్ ఉమరా. ఆయన 1893 మొదలు 1901 వఱకు ఈ రాజ్యమునకు ప్రధానమంత్రి. రానున్న కరవు ఆ మంత్రిగారి కాలముననే వచ్చెను.

ఆ కరవు సంగతి చెప్పుటకుముందు అంతకు ఇరువది సంవత్సరములు ముందు జరిగిన ఒక కథను చెప్పవలసియున్నది. తెలుగువారు ధాత కరవని పిలిచిన 1876-78 నాటి మహాక్షామము చెన్నపట్టణ రాజధానియందు బళ్లారి, కర్నూలు, కడప మండలములను ఊడ్చివేసెను. దక్షిణదేశమున చచ్చినవారు ఏబదిలక్షలకు పైబడిరని సామాన్యముగ అంగీకరింపబడిన అంచనా. పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను బియ్యము, స్వల్పముగ రొక్కము చాలునని సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించిన కూలి నాటి తగవులకెల్ల మూలము. ఆ కరవున విల్లోబీ వాలేసు హూపర్ అను ఆంగ్ల సైనికాధికారి క్షుద్బాధితులను గుంపులు గుంపులుగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసెను. వానిని చూచి చెక్కిన బొమ్మలు చెన్నపట్టణమున పత్రికాసంపాదకుడైన విలియం డిగ్బీ 1878లో ప్రచురించిన క్షామచరిత్ర గ్రంథమున చేరినవి. కరవనగా సీమలోని ప్రజలు అంతవఱకు విన్నది అంకెలే. పక్కటెముకలు లెక్కపెట్టదగిన బిడ్డను తల్లి యొడిలో చూచుట వేఱు. చెన్నపట్టణపు గవర్నరు విన్నపముపై 1877లో లండను నగరాధ్యక్షుడు తెఱచిన విరాళనిధికి లక్షలకొలది పౌనులు వచ్చినవి. అంతయు చిత్రముల మహిమయే యనుట సరికాదు; తంతివార్తలు, పత్రికలలోని లేఖలు అధికముగ పనిచేసినవి. ఐనను చూచినదానిని లేదని వాదించుట ఎవరికిని చేతగాలేదు.

హూపరునకు మాత్రము కీర్తితోపాటు నింద గూడ వచ్చెను. ఆకలితో చచ్చుచున్నవారిని చూచి చిత్రము తీసెను గాని గంజి పోయించెనా యని నాటివారే అడిగిరి. అతడు పిదప 1886లో బర్మాలో మరణశిక్ష పడినవారిని తుపాకులు పేల్చు క్షణమున చిత్రింపబోయి, ప్రభుత్వముచే విచారణకు గురియై మందలింపబడెను. కెమెరా అనునది కరుణ లేని చేతిలో ఎట్లు నడచునో ఆ ఒక్క మనిషి చరిత్రమున రెండుమారులు కనబడినది. ఐనను ధాత కరవును నేడు మనము చూడగలుగుట ఆతని వలననే. ఈ రెండు మాటలలో దేనిని విడిచినను చరిత్ర కుంటిదగును.

ఇక వికారినామ సంవత్సరము. 1899లో వానకాలము వచ్చెను, వాన రాలేదు. గుజరాతు, రాజపుటానా, మధ్యపరగణాలు, బొంబాయి దక్కను అన్నియు ఎండినవి. విక్రమశకము 1956 గావున ఉత్తరాదివారు దానిని ఛప్పనియా కరవని నేటికిని చెప్పుకొందురు. నిజాము రాజ్యమున మరాఠీ జిల్లాలు, అనగా ఔరంగాబాదు, బీడు, పర్భణీ మొదలగునవి ఘోరముగ దెబ్బతినినవి. అంతకు రెండేండ్లక్రిందటి కరవునకు అప్పులైన రైతు తేరుకొనకమునుపే ఇది వచ్చి పడినది. మొదట పశువులు పోయినవి, పిదప విత్తనము పోయినది, పిదప మనుష్యులు రోడ్డెక్కిరి. కరవు వెంట కలరా వచ్చెను.

ఆ కాలమున పంటను అణాలలో కట్టుచుండిరి. పూర్తి పంట పదునాఱణాలు, ఎనిమిదణాలన్న సగము, నాలుగణాలన్న రైతు నోట మన్ను. గ్రామము వ్రాసిన అణాలు తాలూకాకు, తాలూకా వ్రాసినవి జిల్లాకు, జిల్లావి రాజధానికి చేరునప్పటికి అంకెలు శుభ్రమైన కాగితముపై వరుసలు తీరి, చూచుటకు ముచ్చటగా నుండును. రెండణాల పంట అని వ్రాసిన గడిలో ఏడ్పు వినబడదు. లెక్క అవసరమే, లెక్క లేనిదే గింజ కదలదు. లెక్కచూచి గుండె కదలినవారు మాత్రము అరుదు.

పనిచేయగలవారికి రోడ్లపై కంకర కొట్టుట, మట్టి మోయుట మొదలగు పనులు, చేయలేనివారికి దరిద్రశాలలలో అన్నము అను క్షామనియమమును అనుసరించి నిజాము ప్రభుత్వమును సహాయ కార్యము నడపెను. ఆ కార్యమును చిత్రించు పని దీనదయాళుగారి సంస్థకు వచ్చెను. ఔరంగాబాదు ఆయనకు క్రొత్తచోటు కాదు. ఎల్లోరా గుహలను, దౌలతాబాదు కోటను ఆయన అంతకుముందే చిత్రించి యుండిరి. రాతిలో చెక్కిన శివుని చిత్రించిన సీమలోనే ఇప్పుడు బ్రతికియుండియు రాతిబొమ్మలవలె నున్న మనుష్యులను చిత్రింపవలసి వచ్చినది. దర్బారులో జాగీర్దారులను కదలకుండ నిలుపుటకు ఛాయాచిత్రకారుడు ఎంత మర్యాదగా ఎన్నిమారులు వేడుకొనవలసియుండునో ఆ పని ఎఱిగినవారు ఊహింపగలరు. దరిద్రశాల ముంగిట అట్టి వేడుకోలునకు పని యుండదు. కదలుటకు వారికి బలము లేదు.

గాజుపలకకు పక్షపాతము లేదు. ఫలక్‌నుమాలో తివాసీ పోగులను ఎంత స్ఫుటముగ పట్టెనో, ఇక్కడ చర్మముక్రింది ఎముకల అతుకులను అంత స్ఫుటముగనే పట్టెను. చేతులు కట్టెలై, మోకాళ్లు ముడులై, కడుపు వీపున కంటిన స్త్రీపురుషులు కెమెరావైపు చూచుచుందురు. ఆ చూపులో బిచ్చమడుగుట లేదు, కోపము గూడ లేదు. ఒకమారు చూచినవానికి అది సులభముగ మఱపునకు రాదు.

ఒక చిత్రము క్రింద ఆంగ్లమున వ్రాయబడిన శీర్షికకు క్షీణదేహముల రకములు, ఔరంగాబాదు అని అర్థము. రకములు! నేలలను రేగడి, చల్క, దుబ్బ అని వర్గములుగా దాఖలు చేసినట్లు మనుష్యుల ఆకలికి వర్గములు. ఆ మాట దీనదయాళుగారిదో, ఆజ్ఞాపించిన అధికారులదో నిర్ణయించుట ఇప్పుడు కష్టము. నాటి ప్రభుత్వ భాషయే అట్టిది. వారిలో ఒక్కని పేరైనను వ్రాయబడలేదు. దర్బారు చిత్రములందు వెనుక వరుసలోని సరదారుల పేర్లును దొరకుచుండగా, ఇక్కడ ఊరి పేరుతోనే సరిపెట్టిరి.

ఈ చిత్రములు ఎవరి కొఱకు తీయబడినవని విచారించినచో మఱియొక సంగతి తేలును. ప్రభుత్వము చేసిన మంచిపనులను చూపుట వాని ఉద్దేశము. ఆకలివాని చిత్రము పక్కననే పనిస్థలమును అన్నదానమును చూపినచో ప్రభువు దయ ప్రకాశించును. అవి అట్టపుస్తకములుగ కుట్టబడి పెద్దల చేతులకు చేరినవి. ఒక ప్రతి రాజప్రతినిధి కర్జను ప్రభువు వస్తుసంచయమున చేరెను. ఆ కర్జను ప్రభువే 1900లో, సాయము చేతికి ఎముక లేకుండ చేసినచో ప్రజలు స్వయంకృషి మాని సోమరులగుదురని హెచ్చరించి, సహాయ శిబిరములలో అర్హతను బిగించినవాడు. ఎండిన దేహముల చిత్రములు తన బల్లపై నున్నను అధికారి మనసు కదలకపోవచ్చునని ఇందువలన తెలియుచున్నది. ఆయన గుజరాతు కరవుసీమలను స్వయముగ పోయి చూచెననుటయు సత్యమే.

అదే కాలమున మఱియొక చోట ఛాయాచిత్రము వేఱు విధముగ పనిచేసినది. చిత్రమును చిన్నచిన్న చుక్కలుగ మార్చి వార్తాపత్రికలో అచ్చువేయు విద్య అప్పటికి సిద్ధించెను. కొడక్ అను చేతి కెమెరా వచ్చి, క్రైస్తవ మిషనరీలు తాము చూచిన కరవును తామే చిత్రించి అమెరికాకు పంపగల్గిరి. న్యూయార్కులోని క్రిస్టియన్ హెరాల్డ్ అను వారపత్రిక అట్టి చిత్రములను ముద్రించి చందాలడిగెను. 1900లో క్విటో అను ఓడ మొక్కజొన్నతో నిండి బొంబాయికి బయలుదేఱెను. ఆ చిత్రములు కళలో దీనదయాళుగారి చిత్రములకు సాటిరావు. ఐనను అవి వేలయిండ్ల వాకిళ్లలో పడినవి. ఈయనవి బీరువాలో నుండినవి. ఉత్తమమైన చిత్రము నలుగురు చూచినచో నాలుగు కన్నీటి బొట్లు, మధ్యమమైన చిత్రము నాలుగు లక్షలమంది చూచినచో ఓడెడు గింజలు అని లెక్క తేలుచున్నది.

నిజాము రాజ్యములోని తెలుగు చదువరికి ఆ అట్టపుస్తకములు చేరు దారి యెక్కడిది? మన పొరుగుననున్న మునగాల జమీందారు నాయని వేంకట రంగారావుగారి ప్రోత్సాహమున, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగు పెద్దల కృషివలన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది 1901 సెప్టెంబరున. దీనదయాళుగారి చిత్రశాల వైభవమున నున్న నగరమునందే ఆ దీపమును వెలిగించిరి. వెలిగించునప్పటికి కరవు దాటిపోయినది.

కరవు దాటిన పిమ్మట లెక్క మిగిలినది. 1891 జనాభా లెక్కలో హైదరాబాదు రాజ్యపు జనసంఖ్య 1,15,37,040. 1901లో 1,11,41,142. పది సంవత్సరములలో పుట్టినవారినందఱిని కలుపుకొనియు, 3,95,898 మంది తక్కువ. ఔరంగాబాదు జిల్లా ఒక్కదానియందే లక్షకు పైగా తగ్గినది. కలరా, వలసలు, ప్లేగు అన్నియు కలిసిన మొత్తమిది. అన్నియు కరవు వెంట నడచినవే యనిన తప్పుగాదు. ఆ 3,95,898లో ఎవరెవరు దీనదయాళుగారి కెమెరా ముందు ఒకదినమున కూర్చుండిరో చెప్పగలవాడు లేడు.

1902లో కర్జను ప్రభువు నిజాము రాజ్యమునకు వచ్చి వరంగల్లు జిల్లా నెక్కొండ యడవిలో వేటాడెను. చంపిన పులిని ముందిడుకొని భార్యాసమేతముగ నిలిచిన ఆ ప్రభువును చిత్రించినదియు దీనదయాళుగారి సంస్థయే. ఈ చిత్రము నేడు లోకప్రసిద్ధము. ఔరంగాబాదు చిత్రములకును దీనికిని నడుమ గడచినవి రెండేండ్లు మాత్రమే.

దీనినిబట్టి ఆయనను హృదయములేని ఉద్యోగియని తూలనాడుట న్యాయము కాదు. ఆస్థానమున జీతము తినువాడు ప్రభువు పిలిచిన చోటికి పోవలసినదే. కరవుసీమలో ఆయన కెమెరాను ఒక యడుగు వెనుకకు జరిపియుండిన, వెలుతురు తగ్గించియుండిన, ఎముకలు అంతగా కనబడకుండెడివి, ప్రభువులును సంతసించియుందురు. ఆ పని ఆయన చేయలేదు. రూర్కీలో నేర్చిన కొలతను తప్పలేదు. ఆకలిని ఉన్నది ఉన్నట్లు కొలిచి గాజుపై నిలిపిరి. దానిని దయయందురో వృత్తిధర్మమందురో చదువరుల ఇష్టము. వృత్తిధర్మము చక్కగా నెఱవేఱినచోట దయకు కావలసిన ఆధారము మిగులునని మాత్రము ఒప్పుకొనవలయును.

ఆయన గతించిన దాదాపు నలువది సంవత్సరములకు, 1943లో, బెంగాలునందు కరవు వచ్చెను. అప్పుడును ప్రభుత్వము కరవను మాటనే పలుకుటకు వెనుకాడెను. ఆ సంవత్సరము ఆగస్టు 22న కలకత్తాలోని స్టేట్స్‌మన్ పత్రిక వీథులలో పడియున్నవారి ఛాయాచిత్రములను ముద్రింపగా, ఢిల్లీలోను లండనులోను ఇక దాచుట సాధ్యము కాలేదు. సునీల్ జానా అను యువకుడు పల్లెలు తిరిగి తీసిన చిత్రములు పీపుల్స్ వార్ పత్రికలో వెలువడినవి. మన తెలుగుదేశమున షేక్ నాజరుగారు ఆ కరవును బుఱ్ఱకథగా కట్టి చెప్పిరి. చనిపోయినవారు ముప్పదిలక్షలని అంచనా. చిత్రములు ముందే వెలువడియున్నచో ఎందఱు బ్రతికియుందురో! చిత్రము ఎంత త్వరగా వెలువడెను, ఎందఱి చేతికి వచ్చెను అనునదే బెంగాలునకును ఔరంగాబాదునకును గల భేదము.

మఠంపల్లి, హుజూర్‌నగరు సీమలకు 1967లో నాగార్జునసాగరపు ఎడమకాలువ విడుదలయైన పిమ్మట పుట్టి పెరిగినవారికి వికారి సంవత్సరపు మాటలు కల్పిత కథలవలె తోచవచ్చును. మట్టపల్లి నరసింహస్వామి పాదములచెంత కృష్ణ నిండుగ పాఱుచున్నను, గట్టుపైని చేను ఎండుచుండిన కాలమును పెద్దలు చెప్పగా వినియేయున్నాము. వినినది ఒక తరముతో పలుచనగును. చిత్రమునకు ఆ పలుచదనము లేదు.

దీనదయాళుగారి చివరి దినములు సుఖముగ గడువలేదు. ఇద్దఱు కుమారులును తండ్రి వృత్తియందే యుండిరి. వారిలో ధరమ్‌చందుగారు 1904లో గతించిరి. మరుసటి యేడు 1905 జూలైలో దీనదయాళుగారును పరమపదించిరి. జ్ఞానచందుగారు సంస్థను నడపిరి గాని పూర్వవైభవము మరలి రాలేదు. 1911లో మహబూబ్ అలీఖాను గారును గతించిరి. గాజుపలకలు కుటుంబమువారి యొద్ద ఏండ్ల తరబడి నిలిచియుండి, తుదకు 1989లో 2,857 పలకలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. 2006 నవంబరున భారత తపాలాశాఖ ఆయన స్మృతికై ఒక బిళ్ల వెలువరించెను.

కర్జను ప్రభువునకు చేరిన ఔరంగాబాదు చిత్రములు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగ నున్నవి. ఒకనాడు బీరువాలకే పరిమితమైన ఆ పుటలను ఇప్పుడు ఎవరైనను అడిగి చూడవచ్చును. పుటలు త్రిప్పినచో ప్రభుత్వపు మంచిపనుల నడుమ ఆ స్త్రీపురుషులు నేటికిని అట్లే కూర్చుండి చూచుచున్నారు.